తావ్‌యూకి ఆపరేషన్

"ఎవరు పెట్టారు దీనికి?"

ఖాళీ గిన్నె పైకెత్తి అడిగాను. వంటింట్లో అత్తయ్య ఉల్లికాడలు తరగడం ఆపారు. కింద రిపేరు షాపులో నా మొగుడు కియెన్‌బింగ్ స్కూటర్ మీద మోగిస్తున్న సుత్తి కూడా ఆగింది. మావయ్య ఒక్కరే తాపీగా పేపరు తిప్పారు.

మా కుక్క తావ్‌యూ మూతి నాక్కున్నాడు. వాడి ఒళ్ళంతా సోయాసాస్ రంగు కాబట్టి మా భాషలో ఆ పేరే పెట్టుకున్నాం. ఆ నల్లటి మీసాలకు రెండు తెల్లటి మెతుకులు అంటుకుని ఉన్నాయి. దొంగ దొరికాడు గానీ దొంగకు తాళం తీసిందెవరో తేలాలి.

తొమ్మిదింటికి వాడికి ఆపరేషన్. రాత్రి నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టొద్దని డాక్టరమ్మ ల్యావ్ ఒకటికి రెండుసార్లు చెప్పింది. మత్తిచ్చాక కడుపులోది పైకి తన్నుకొస్తే ప్రాణానికే ముప్పని కూడా చెప్పింది. నేను ఇంటిల్లిపాదికీ చెప్పాను. తావ్‌యూకి కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నది వాడొక్కడే.

"మావయ్యా, మిమ్మల్నే."

"నన్నా? నాకేం తెలుసమ్మాయ్? వాడే తినుంటాడు."

"వాడే పొయ్యి వెలిగించుకుని, జావ కాచుకుని, చేపముక్కల్లో ముల్లు తీసుకుని తిన్నాడా?"

"తెలివైన కుక్క" అన్నారు మావయ్య, పేపరు వెనక నుంచే.

అత్తయ్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గిన్నెలోకి తొంగిచూశారు. అంతే, ఆవిడ మొహం ఎర్రబడింది.

"పాలచేప పొట్టముక్క! అమ్మాయ్, చూశావా? పొట్టముక్క వేశాడు కుక్కకి! నలభై ఆరేళ్ళు కాపురం చేశాను. చేపల చెరువులున్నాయని మా నాన్న వెతికి వెతికి ఇచ్చాడు ఈయనకి. ఒక్కనాడు, ఒక్క పొట్టముక్క నా గిన్నెలో వేసిన పాపాన పోలేదు ఈ మనిషి!"

"నువ్వు తోకముక్క ఇష్టమన్నావుగా?"

"మీ అమ్మ ముందు ఇంకేమనను?"

తావ్‌యూ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తృప్తిగా త్రేన్చాడు.

చేసేదేముంది? డాక్టరమ్మకి ఫోన్ చేశాను. తిన్నాడని చెప్పగానే అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. తరువాత ఆవిడ, "ఎల్లుండికి మారుస్తాను. ఇక వాయిదాలు వద్దండీ. మీవాడి ప్రోస్టేట్ గ్రంథి బాగా వాచింది. మూత్రం పూర్తిగా ఆగిపోతే మాత్రం ఏ వేళైనా సరే, ఉన్నపళంగా తీసుకురండి" అంది.

ఎనిమిదేళ్ళ మగకుక్క. వానలు మొదలైనప్పటి నుంచీ గోడ పక్కన కాలెత్తి అలా నిలబడే ఉంటున్నాడు. నాలుగు చుక్కలు పడతాయి, ఒక్కోసారి అందులో ఎరుపు కనిపిస్తుంది. వృషణాలు తీసేస్తే ఒకటి రెండు నెలల్లో ఆ వాపు దానంతటదే తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పినప్పుడు నేనూ, మావయ్యా ఇద్దరం అక్కడే ఉన్నాం. అప్పటిదాకా "మా డాక్టరమ్మ బంగారం" అంటూ వచ్చిన మావయ్య, ఆ మాట వినగానే లేచి బయటికి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచీ ఆవిడ పేరెత్తితే చాలు, "కత్తి పట్టుకున్నవాళ్ళకి అన్నీ కోయాలనే ఉంటుంది" అని మొదలు.

ఫోన్ పెట్టేసి కిందికి చూశాను.

"కియెన్‌బింగ్! నువ్వయినా మీ నాన్నకి చెప్పు."

నా మొగుడు స్కూటర్ కింద నుంచి తల బయట పెట్టాడు. "నాన్నా, బీహ్వీ చెప్పేదాంట్లో న్యాయముంది." నా వైపు చూశాడు. "నాన్న చెప్పేదాంట్లో కూడా న్యాయముంది." తల మళ్ళీ లోపలికి పోయింది. గోడమీద పిల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు దూకక తప్పదు. మా ఆయన ఆ గోడమీదే ఇల్లు కట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి ఖో వదినగారు తన స్కూటర్ కోసం వచ్చారు. రావడం స్కూటర్ కోసమే గానీ, చెవులు మాత్రం మా మేడమీదే ఉన్నాయి. ఈ పూట ఆవిడ విన్నది సాయంత్రం చెత్తబండి పాట మోగేసరికి, సంచులు పట్టుకుని నిలబడ్డ వీధివీధంతా వింటుంది.

"ఏమిటి అన్నయ్యగారూ, పొద్దున్నే గోల?" అంటూ మెట్లెక్కి వచ్చేశారు. "కుక్క సంగతేనా? మా ఇంట్లో మూడింటికీ చేయించేశాం. హాయిగా తింటాయి, పడుకుంటాయి. గోడ దూకడం లేదు, ఊళ్ళో కుక్కలతో కొట్లాట లేదు. అంత బుద్ధిగా అయ్యేసరికి, పనిలో పనిగా మా ఆయన్ని కూడా తీసుకెళ్దామనుకున్నాను!"

అత్తయ్య పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కింద స్కూటర్ కూడా నవ్వింది.

మావయ్య నవ్వలేదు. పేపరు మడిచి బల్లమీద విసిరికొట్టారు.

"నవ్వండి, నవ్వండి! మా చిన్నప్పుడు పందులకి కోసేవాడొకడు పిల్లనగ్రోవి ఊదుకుంటూ వచ్చేవాడు. ఆ ఊదుడు వినబడితే చాలు, మగపిల్లలమంతా చెరువుగట్టు వెనక నక్కేవాళ్ళం. ఇప్పుడు వాడే తెల్లకోటు వేసుకుని అద్దాల గదిలో కూర్చున్నాడు. అంతే తేడా!"

"మీలో ఒక్కణ్ణయినా పట్టుకుపోయాడా వాడు?" అన్నారు అత్తయ్య.

"దాక్కున్నాం కాబట్టి పట్టుకుపోలేదు!"

"వినండి వదినా! రాత్రికి నాలుగుసార్లు లేచి ఆ కుక్కని కిందికి తీసుకెళ్తున్నాడు ఈ మనిషి. దానికి ఒంటికి వస్తోందిట. నిద్ర లేదు, సుఖం లేదు. కోయించేస్తే ఇద్దరికీ నిద్ర పడుతుందంటే వినడు."

మావయ్య పేపరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. నుదుటిమీద చెమట తుడుచుకున్నారు. కోపం చెమట అనుకున్నాను. ముందు పెట్టిన టీ కప్పు అలాగే ఉంది. టీ అంటే ప్రాణం పెట్టే మనిషి పొద్దుట్నుంచీ గుక్కెడు కూడా తాగలేదు. అది కూడా అలకే అనుకున్నాను. నా కోపం నాకుండగా ఇంకొకరి మొహం చదివే తీరికెక్కడిది?

అత్తయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆవిడ ఇలా కూర్చున్నారంటే అర్థం ఒకటే, తీర్పు చెప్పబోతున్నారు.

"సరే. నా మాట వినవు, కోడలి మాట వినవు, డాక్టరు మాట వినవు. దేవుడి మాట వింటావా?"

మావయ్య తల ఎత్తారు.

"వీధి చివర గుడికి వెళ్ళు. నెలవంక చెక్కలు వెయ్యి. వరసగా మూడు 'సరే'లు పడితే ఎల్లుండి కుక్కకి ఆపరేషన్. పడకపోతే ఇక ఈ ఇంట్లో ఆ మాటే ఎత్తను. ఎత్తితే నన్నడుగు."

"నిజంగా?"

"ఖో వదిన సాక్షి."

ఖో వదినగారు గుండెలమీద చెయ్యి వేసుకున్నారు. సాక్ష్యమంటే ఆవిడకు పెళ్ళిభోజనం.

అత్తయ్య మోకాళ్ళనొప్పులతో రాలేనన్నారు. నాలుగు కమలాపళ్ళు, పల్లీ అచ్చులు సంచిలో పెట్టి నా చేతికిచ్చి, "నువ్వు వెళ్ళు అమ్మాయ్. ఎన్ని పడ్డాయో నీ కళ్ళతో చూసిరా. ఈ మనిషి లెక్కలు నేను నమ్మను" అన్నారు.

తావ్‌యూ గొలుసు నేను పట్టుకున్నాను. ముద్దాయి లేకుండా విచారణేమిటి?

ఎప్పుడూ చేతులు వెనక్కి కట్టుకుని దొరలా నడిచే మావయ్య ఆ పూట చిన్న చిన్న అడుగులు వేస్తూ, దారిలో రెండుసార్లు గోడ పట్టుకుని ఆగారు. "మోకాళ్ళా?" అంటే, "మీ అత్తవే అంటుకున్నాయి" అన్నారు.

మా పేట దేవుడిది గది అనడానికి కూడా లేనంత చిన్న గుడి. తెల్లగడ్డం, గుండ్రటి బుగ్గలు, ఎప్పుడూ నవ్వుమొహమే ఆయనది. పెద్ద పెద్ద కోరికలకు పెద్ద గుళ్ళున్నాయి. తప్పిపోయిన కోడి, పక్కింటివాళ్ళ తగువు, అల్లుడి తాగుడు, ఇలాంటివన్నీ ఈయన పద్దులోకే వస్తాయి.

పళ్ళు సర్ది, అగరొత్తులు వెలిగించాక మావయ్య నా వైపు తిరిగారు.

"నువ్వు ఆ స్తంభం దగ్గర నిలబడమ్మా."

"అత్తయ్య చూడమన్నారు."

"చూడు. వినమనలేదుగా?"

స్తంభం దగ్గరకు వెళ్ళాను. కానీ గుడి పట్టుమని పది అడుగులుంటే కదా, వినబడకుండా ఉండటానికి?

పేరూ, పుట్టినరోజూ, ఇంటి నంబరూ చెప్పుకోకుండా మేమెవరమూ దేవుణ్ణి ప్రశ్న అడగం. ఎవరి సంగతో తెలియకపోతే ఆయన మాత్రం ఎవరికని జవాబిస్తాడు? కుక్క పేరుతో ఎలా మొదలుపెడతారా అని నాకు సరదాగా ఉంది. తావ్‌యూ పుట్టినరోజు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. వాణ్ణి చెరువుగట్టున దొరకబుచ్చుకుని తెచ్చిందే మావయ్య.

మావయ్య చెక్కలు రెండు అరచేతుల మధ్య పట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"అయ్యా, నేను చ్వా బున్‌హియాంగ్‌ని. డ్రాగన్ ఏట, నాలుగో నెల, తొమ్మిదో తేదీన పుట్టాను. ఈ వీధిలోనే, ఇరవై ఏడో నంబరు ఇల్లు."

నా నవ్వు ఆగిపోయింది.

"కుక్క సంగతి తరవాత చూద్దాం. ముందు నా సంగతి చెప్పు. ఆ కుక్కల డాక్టరు చెప్పింది విన్నావుగా? ముసలి మగాళ్ళకి వచ్చేదే దీనికీ వచ్చింది, అదే గ్రంథి, అదే వాపు అంది. అయితే వైద్యం కూడా అదేగా? పెద్దాసుపత్రిలో డాక్టరు నన్ను చూసి, ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు, మళ్ళీ రమ్మన్నాడు. ఏది కోస్తావని నోరు తెరిచి ఎలా అడగను? నేను పోలేదు. డెబ్భై దాటాయి, ఒప్పుకుంటాను. కానీ మగాడిగా పుట్టాను, మగాడిగానే పోతాను. ఆసుపత్రికి పోనక్కర్లేదని ఒక్కమాట చెప్పు తండ్రీ. సరేనా?"

చెక్కలు వేశారు. టకటకమని నేలమీద దొర్లాయి.

ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే 'సరే' అని. రెండూ బోర్లా పడితే 'కాదు' అని. రెండూ వెల్లకిలా పడితే దేవుడు నవ్వుతున్నాడని. ప్రశ్నే సరిగ్గా లేదురా అబ్బాయ్ అని.

రెండూ వెల్లకిలా పడ్డాయి.

మావయ్య చెక్కలు ఏరుకుని, మళ్ళీ వేశారు. రెండూ వెల్లకిలా. మూడోసారి ఇంకా గట్టిగా దణ్ణం పెట్టుకుని వేశారు. మళ్ళీ వెల్లకిలానే.

"ఏమిటయ్యా అంత నవ్వు?" అని దేవుడిమీద కోప్పడ్డారు మావయ్య.

ఇక నావల్ల కాలేదు. దేవుడితోపాటు నేనూ నవ్వేశాను. నవ్వుతూ ఉండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రాత్రికి నాలుగుసార్లు ఎవరికోసం లేస్తున్నారో, ఎవరిని అడ్డం పెట్టుకుని లేస్తున్నారో అప్పటికిగానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ఈ పెద్దమనిషి భయాన్ని మేమంతా మొండితనం అనుకుని వేళాకోళం చేశాం. నాకు సిగ్గేసింది.

మావయ్య గిరుక్కున తిరిగారు.

"ఎంత వరకు విన్నావు?"

"డ్రాగన్ ఏటి నుంచీ."

"అంటే మొత్తం విన్నావు."

"మావయ్యా, మనుషులకి అలా కోయరు."

"నువ్వు చూశావా?"

"మా నాన్నకి అయింది కదా! ముందు మాత్రలిచ్చారు. అవి పని చెయ్యకపోతే సన్నటి గొట్టం పంపి లోపలి అడ్డం గీకేశారు. అంతే. మీరు... మీరు అనుకుంటున్నవాటి జోలికే పోలేదు."

మావయ్య నన్ను అనుమానంగా చూశారు. "మీ నాన్న నీకు చెప్పాడా ఇవన్నీ?"

"మా నాన్నా? చుట్టాలందరికీ వీడియో ఫోన్లు చేసి చెప్పాడు. మచ్చ లేదు చూడండని ప్యాంటు విప్పబోతే మా అమ్మ ఆపింది."

మావయ్య పెదవి చివర కొంచెం కదిలింది. కానీ వెంటనే ముడుచుకుపోయింది.

"మరి కుక్కకెందుకు కోస్తారు?"

"కుక్కలకి అదే తేలిక వైద్యం. వాటికి గుణం ఇచ్చేది అదే. మనకి వేరు, వాటికి వేరు. ఇద్దరికీ రోగం ఒకటే అయినా, ఇద్దరికీ కత్తి ఒకటే కాదు మావయ్యా. పొద్దున వాడికి జావ పోసి వాణ్ణి కాపాడాననుకున్నారు. వాడు చుక్క చుక్కకీ ఎలా మూలుగుతున్నాడో మీకు తెలియదూ?"

"నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నారు మావయ్య నెమ్మదిగా.

వంగి చెక్కలు ఏరి ఆయన చేతిలో పెట్టాను.

"ఈసారి అడగవలసినట్టు అడగండి. పోనక్కర్లేదా అని కాదు. పోనా అని."

మావయ్య చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ పేరు చెప్పారు, పుట్టిన ఏడు చెప్పారు, ఇంటి నంబరు చెప్పారు. చివర, "మీ అత్తకి చెప్పొద్దని కూడా చెప్పనా?" అని నన్నడిగారు.

"దేవుడికి అంత కష్టమైన పని పెట్టకండి."

చెక్కలు పడ్డాయి. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా.

రెండోసారి కూడా అంతే.

మూడోసారి ఒక చెక్క బోర్లా పడి ఆగింది. రెండోది ఎగిరి, గడప దగ్గరకు దొర్లి, ఇటో అటో తేలేలోపలే మా తావ్‌యూ దాన్ని నోట కరుచుకుని, నా చేతిలోంచి గొలుసు లాక్కుని పరిగెత్తాడు.

"ఒరేయ్! అది దేవుడిదిరా!" అని మావయ్య.

"వదలరా వెధవా!" అని నేను.

వాడు వీధి లైటు స్తంభం దగ్గర ఆగి, చెక్కను జాగ్రత్తగా కింద పెట్టి, కాలెత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడ్డాడు. వెన్ను వంచాడు, వెనక కాళ్ళు వణికాయి. చిన్నగా మూలిగాడు. చివరికి నాలుగు చుక్కలు పడ్డాయి. అందులో ఎరుపు ఉంది.

నేను గొలుసు అందుకుని తిరిగేసరికి మావయ్య గుడి గడపమీద కూలబడి వాణ్ణే చూస్తున్నారు. మొహం పాలిపోయి ఉంది. చెమట చుబుకం మీంచి కారుతోంది.

"నాలుగు చుక్కలు" అన్నారు. "వాడికి నాలుగైనా వచ్చాయమ్మాయ్. నాకు తెల్లవారుజాము నుంచీ ఒక్కటి కూడా రాలేదు."

'మూత్రం పూర్తిగా ఆగిపోతే' అన్న డాక్టరమ్మ గొంతు మళ్ళీ చెవిలో మోగింది. ఆవిడ చెప్పింది కుక్క గురించి. వింటున్నది మాత్రం నేను మావయ్య గురించి.

"పదండి. ఇప్పుడే, ఈ నిమిషమే ఆసుపత్రికి."

"మూడోది తేలలేదు కదే..."

"నేను తేలుస్తున్నాను!"

ఆయన్ని జబ్బ పట్టుకుని లేపుతున్నాను. ఇంతలో వీధి మలుపులోంచి అత్తయ్య గొంతు వినబడింది. రాలేనన్న మోకాళ్ళతోనే వచ్చేస్తున్నారు. పక్కనే సాక్షి ఖో వదినగారు.

"ఏమన్నాడు దేవుడు?" అక్కడి నుంచే కేక వేశారు అత్తయ్య. "కోయించాలన్నాడా, వద్దన్నాడా?"

మావయ్య నా చెయ్యి గట్టిగా నొక్కారు. ఆ నొక్కుడులో ఉన్న బతిమాలుడు నాకు అర్థమైంది. అబద్ధం చెప్పాలా, నిజం చెప్పాలా తెలియక సగం సగం చెప్పాను.

"ఆసుపత్రికి వెళ్ళాలన్నాడు అత్తయ్యా! ఎల్లుండి కాదు, ఇప్పుడే!"

"అద్దీ! నేను ముందే చెప్పలా? విన్నారా వదినా? దేవుడు కూడా నా మాటే అన్నాడు. కియెన్‌బింగ్‌ని బండి తియ్యమంటాను. కుక్కనిలా ఇచ్చెయ్యి!"

ఆవిడ గొలుసు కోసం చెయ్యి చాచారు. నేను ఇవ్వలేదు. వీధిలో ఎవరో షట్టరు ఎత్తుతున్న చప్పుడు వినబడింది. ఖో వదినగారి కళ్ళు నామీద నుంచి మావయ్య మీదికీ, మావయ్య మీద నుంచి నామీదికీ తిరుగుతున్నాయి.

"ఏమిటే ఆ నిలబడటం? వెళ్ళాల్సింది తావ్‌యూనేగా?"

మావయ్య నా చెయ్యి వదిలేశారు. గుడి స్తంభం పట్టుకుని నిటారుగా నిలబడటానికి ప్రయత్నించి, నిలబడలేక, ఉన్నపాటున అన్నారు.

"ఇద్దరం."

నేను పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ అత్తయ్యకు మాట దొరక్కపోవడం ఇదే మొదటిసారి. చాచిన చెయ్యి చాచినట్టే ఉంచి, ఆవిడ మెల్లగా కళ్ళు దించి, మావయ్య రెండో చెయ్యి పొత్తికడుపు మీద ఎంత గట్టిగా అదిమిపెట్టుకుని ఉందో అప్పుడు చూశారు.